మూడు చుట్లు, రెండు బిగింపులు

మా కింది వాటాలో ఉండేవాళ్ల అమ్మాయి పోయిన ఆదివారం ఒక కాగితం పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. ఎనిమిదో తరగతి, బడిలో కొత్తగా గైడ్స్‌లో చేరింది, వచ్చే వారం ఏదో పరీక్ష. కాగితం నిండా మాటలే. పెట్రోల్, కంపెనీ, హార్స్ షూ, ట్రాకింగ్ సైన్, క్లోవ్ హిచ్, స్క్వేర్ లాషింగ్. "పెద్దమ్మా, చిన్నప్పుడు నువ్వు గూడా గైడంట గదా, మాయమ్మ చెప్పింది. వీటికంతా అర్థం చెప్పు, నేను రాసుకుంటా" అని నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

నేను ఆ కాగితం చూస్తూ ఉన్నాను గానీ, నా చెవులు కిటికీ బయట ఉన్నాయి. మేముండే సత్తువాచారిలో ఇప్పుడు ఏ వీధిలో చూసినా ఒక ఇల్లు పైకి లేస్తూనే ఉంటుంది; మా ఎదురింటికి మూడో అంతస్తు వేస్తున్నారు. ఇనుప గొట్టాలు, వాటిని పట్టి ఉంచే ఇనుప పట్టీలు, స్పానరుతో నాలుగు తిప్పులు, అంతే, గంటలో సారం నిలబడిపోతుంది. కట్టడం చుట్టూ పనివాళ్లు ఎక్కడానికి కట్టే ఆ చట్రాన్ని మా వాళ్లు సారం అనే అంటారు. పుస్తకాల తెలుగులో దానికి పరంజా అని పేరుందని నాకు తర్వాత తెలిసింది. నా తెలుగులో చాలా మాటలు అలా తర్వాత తెలిసినవే.

మాది గుడియాత్తం. నాయన కట్టడాల మేస్త్రి, సిన్నాయన ఆయన దగ్గరే కొల్లత్తు పని, అంటే ఇటుకలు పేర్చి గోడ కట్టే పని, అమ్మ ఇంట్లోనే కూర్చుని అగ్గిపెట్టెల అట్టలు అంటించేది. మా వీధిలో అందరం తెలుగే మాట్లాడేవాళ్లం, కాని తెలుగు చదవడం వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. పెళ్లిపత్రికలు కూడా అరవంలోనే అచ్చు వేయించుకునేవాళ్లం. నేను చదివిందీ అరవ బడిలోనే. అయితే మా ఊరి గ్రంథాలయంలో వెనక గోడకు ఒక తెలుగు బీరువా ఉండేది. దాని తాళం తుప్పు పట్టి ఉండేది; తీయమని అడిగితే గ్రంథాలయం అయ్య ముందు నన్ను ఎగాదిగా చూసి, తర్వాత కొబ్బరినూనె తెచ్చి తాళంలో పోశాడు. నాకు అక్షరాలు నేర్పిన గురువు ఎవరూ లేరు. చిత్తూరు నుంచి వచ్చే బస్సులకు ఊరి పేర్లు రెండు లిపుల్లోనూ రాసి ఉండేవి. బస్టాండులో నిలబడి, నాకు వచ్చిన అరవాన్ని పక్కన పెట్టుకుని, ఏ గీత ఏ శబ్దమో పోల్చుకున్నాను. ఏడో తరగతి వేసవి సెలవులు ముగిసేసరికి ఆ బీరువాలో మొదటి పుస్తకం కూడబలుక్కుని పూర్తి చేశాను. ఇది చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ గర్వమే, దాచుకోను. జరిగిందంతా ఆ గర్వంలోంచే వచ్చిందన్నదీ దాచుకోను.

తొమ్మిదో తరగతిలో గైడ్స్‌లో చేరాను. మీలో ఆ నీలం లంగా, మెడకు స్కార్ఫు వేసుకున్నవాళ్లు ఉంటే మీకు చెప్పనక్కర్లేదు, ఆ లోకంలో ప్రతిదానికీ వేరే పేరు. ఆరుగురు పిల్లలు కలిస్తే అది పెట్రోల్. పెట్రోల్‌లన్నీ కలిస్తే కంపెనీ. మా లెక్కల టీచరమ్మ శనివారం సాయంత్రం టీచరమ్మ కాదు, కెప్టెన్. గుర్రపులాడంలా నిలబడితే హార్స్ షూ. దోవలో రాళ్లు ఒక తీరుగా పేర్చితే అది మాట్లాడుతుంది, ఇటు పో, అటు పోవద్దు, నీళ్లు ఈ పక్క అని. ఆ రోజుల్లోనే ఆంబూరు వైపు తోలు చెప్పుల కంపెనీలు ఒకటి తర్వాత ఒకటి తెరుస్తున్నారు, మా వీధి మలుపు దాకా వ్యాను వచ్చి ఆడపిల్లల్ని ఎక్కించుకుపోయేది. నేను శనివారం కంపెనీకి పోతున్నానంటే మా అవ్వ వక్క నములుతూ, "బడికి పోతావా, కంపెనీకి పోతావా? ఏదో ఒకటి సెప్పమ్మీ, మొగుణ్ణి వెతికేటప్పుడు నేను అదే సెప్పుకోవల్ల" అనేది.

నేను ఒక నోటుపుస్తకం పెట్టాను. ఒక గడిలో ఇంగ్లీషు మాట, పక్కన అరవం, మూడో గడిలో తెలుగు. మూడో గడి ఎవరూ అడగలేదు. నేనే కల్పించుకుని నింపాను. పెట్రోల్‌కు జట్టు. ఇన్వెస్టిచర్‌కు దీక్ష. క్వార్టర్ మాస్టర్‌కు సామాన్ల కాపరి. క్లోవ్ హిచ్ అనే ముడికి ఏ మాటా దొరక్క నాలుగు రోజులు తిరిగి చివరికి జంట మెలిక అని రాశాను. రాత్రి అన్నాలయ్యాక ఆ పుస్తకం మా నాయనకు చదివి వినిపించేదాన్ని. ఆయన చుట్ట ఆర్పేసి వినేవాడు. గైడ్లు చేసుకునే ఎడమచేతి కరచాలనం మాట వచ్చినప్పుడు మా అవ్వ ఊరుకోలేదు. ఎడమచేత్తో ఎవురన్నా మర్యాద సేస్తారా అని రుసరుసలాడింది. గుండె ఉండే పక్క చెయ్యి గనక అది స్నేహానికి గుర్తు అని నేను పుస్తకంలో ఉన్నది చెప్పాను. ఆ మరుసటి రోజునుంచి మా నాయన పని నుంచి రాగానే గడపలో నిలబడి సిమెంటు అంటిన ఎడమచేయి నాకేసి చాపేవాడు. నేను అటెన్షన్‌లో నిలబడి ఆ చేయి పట్టుకుని ఊపేదాన్ని. చాలా రోజులు ఇది మా ఇంట్లో ఆటగా నడిచింది.

ఆ సంవత్సరం రాష్ట్రం మొత్తానికి పెద్ద శిబిరం పెడుతున్నారని, ముళ్లు, కట్లు వేయడం వచ్చినవాళ్లకిచ్చే పయొనీర్ బ్యాడ్జి ఉన్నవాళ్లనే తీసుకుపోతామని కెప్టెన్ చెప్పింది. మా వీధిలో ఆడపిల్ల ఏదైనా తూర్పున కాట్పాడి, పడమట జోలార్పేట దాటి పోవడం పెళ్లయితేనే. నాకు ఆ బ్యాడ్జి ఎంత కావాలో ఇప్పుడు చెబితే అతిగా ఉంటుంది. అప్పుడు నాకు ఇంకేదీ అక్కర్లేదు. ముళ్లన్నీ వేసి చూపించాను, పేర్లన్నీ అప్పజెప్పాను. మిగిలింది ఒక్క షరతు: గైడు కాని ఒకరికి ఒక లాషింగ్, అంటే రెండు కట్టెల్ని తాడుతో కలిపి బిగించే కట్టు, నేర్పాలి, వాళ్లు దాన్ని తమ పనిలో నిజంగా వాడాలి, వాడామని ఒక కాగితం మీద సంతకం చేయాలి. తక్కిన పిల్లలు వాళ్ల అమ్మలచేత పందిరికి కాకరతీగ కట్టించారు. కట్టెలు, తాళ్లతో బతికే ఇల్లు మాది. నేను మా నాయనను ఎంచుకున్నాను.

మా నాయన సారం కట్టే తీరు మీకు చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు అలా కట్టేవాళ్లు లేరు. కొబ్బరి తాళ్లను ముందురోజే తొట్టిలో నానవేసేవాడు. నానిన తాడు మెత్తబడి, సరుగుడు కట్టెల మీద ఎక్కడ నొక్కితే అక్కడ కరుచుకునేది. నిలువు కట్టె, అడ్డ కట్టె కలిసేచోట ఏడు చుట్లు. ముడి అనేదే ఉండదు. మిగిలిన కొసను ఒక చిన్న పుల్లతో మెలిపెట్టి చుట్ల కిందకే దూర్చేసేవాడు. పొద్దున పనివాళ్లు ఎక్కకముందు తాను ఒక్కడే ఎక్కి ప్రతి కట్టునూ పిడికిలితో గుద్ది చూసేవాడు. దీనిని ఏమంటారు నాయనా అని నేను నోటుపుస్తకం తెరుచుకుని అడిగాను. "దానికి పేరేముంది మా, కట్టు. అంతే" అన్నాడు. నేను నాలుగో గడి గీసి నాయన మాట అని పైన రాసి ఉంచాను. ఆ గడిలో రాయడానికి ఏమీ దొరకలేదు. ఆయన మీద నాకు ఆ పూట జాలి వేసింది. పేరు లేనిదాన్ని విద్య అనుకోవడం నాకు అప్పటికి రాదు.

అప్పుడు ఆయన సత్తువాచారిలో ఒక దుకాణాల కట్టడం పని చూస్తున్నాడు. సిమెంటుకు అనుమతి కాగితాల కోసం తిరిగే రోజులు పోయి, రోడ్డు వారనున్నవాళ్లంతా కింద రెండు అంగళ్లు, పైన ఇల్లు వేసుకుంటున్న కాలం. ఎస్టీడీ బూత్‌కు గది కట్టివ్వమని ఒకరు, వీడియో అంగడికి కట్టివ్వమని ఒకరు, మా నాయనకు ఊపిరి ఆడని పని. ఒక సెలవురోజు పొద్దుటి బస్సుకు నేనూ ఆయనతో పోయాను. గ్రంథాలయం పుస్తకం సంచిలో ఉంది. అది పాతది, ఇంగ్లీషుది, బొమ్మలతో ఉన్నది. స్క్వేర్ లాషింగ్ బొమ్మ ఉన్న పుటలో ఆకు పెట్టుకున్నాను.

మొదటి అంతస్తు ఎత్తున, రోడ్డువైపు మూల ఒకటి ఇంకా కట్టవలసి ఉంది. సిమెంటు తట్టలు మోసే ఆడవాళ్లంతా పని ఆపి చుట్టూ చేరారు. అందులో మాకు వరసకు అత్త అయ్యే ఒకావిడ తట్ట నడుముకు ఆనించుకుని, "సూడండే, మేస్త్రికే మేస్త్రి వచ్చినాది. ఇంక మనకంతా కూలి ఈ పాపే ఇస్తాది" అంది. నేను ఆ మాటకు ఉబ్బిపోయాను. మా నాయన పైన పలక మీద నిలబడ్డాడు, నేను కింద పుస్తకం పట్టుకుని చదివాను. మొదట క్లోవ్ హిచ్. తర్వాత చుట్లు మూడు. తర్వాత రెండు కట్టెల నడుమ అడ్డంగా బిగింపులు రెండు. చివర మళ్లీ క్లోవ్ హిచ్.

"మూడేనా?" అన్నాడు.

"మూడే నాయనా."

"సాలదు మా. కట్టె లావు సూడు."

"పుస్తకంలో మూడే ఉండాది. తడపను గూడా వద్దు, ఎండుతాడే."

ఆయన తాడు చేతిలో పట్టుకుని కాసేపు కిందికి చూశాడు. సిన్నాయన ఏదో అనబోతే చేయెత్తి ఆపాడు. "సరి. పుస్తకంలో ఉండాదంట" అని, నేను చెప్పినట్టే మూడు చుట్లు చుట్టి, రెండు బిగింపులు బిగించి, నేను చెప్పినట్టే ముడి వేశాడు. చూడడానికి చాలా అందంగా ఉంది. బొమ్మలో ఉన్నట్టే ఉంది.

నేను ఇక్కడ ఒక మాట రాయాలి, ఇన్నేళ్లు ఎవరికీ చెప్పనిది. ఆ పుటకు ఎదురు పుటలో, బొమ్మ కింద చిన్న అక్షరాల్లో ఉంది: ఈ లెక్క శిబిరంలో గిన్నెలు పెట్టుకునే బల్లలకు, చెప్పులు పెట్టుకునే స్టాండ్లకు మాత్రమే; మనుషుల బరువు మోసేదానికి చుట్లు పెంచి, ముందు పరీక్షించుకోవాలి. నేను దాన్ని చదివాను. చదవలేదని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను గాని చదివాను. బ్యాడ్జికి అడిగేది మూడు చుట్లే గనక దాటిపోయాను.

నేను అక్కడ లేకుండా ఉంటే ఆయన పది నిమిషాల తర్వాత దాన్ని విప్పి తన పద్ధతిలో కట్టుకునేవాడు. అది నాకు తెలుసు. ఆ రోజు మధ్యాహ్నం దాకా నేను అక్కడే, ఇసుక కుప్ప మీద, ఆ మూలకేసి చూస్తూ కూర్చుని ఉన్నాను. ఆయన రెండుసార్లు ఆ కట్టు దగ్గరికి వెళ్లాడు. రెండుసార్లూ నా వైపు చూసి వెనక్కి వచ్చాడు. ఆ మూలకు మాత్రం వేరే ఎవరినీ పంపలేదు, పూత పని తానే చేస్తానన్నాడు.

భోజనాలయ్యాక ఎక్కాడు. పెద్ద శబ్దమేమీ కాలేదు. అడ్డ కట్టె ఒక పక్క జారింది, పలక వాలింది, ఆయన కుడిచేతి మీద పడ్డాడు. ఆడవాళ్లు అరిచారు. నేను అరవలేదు. నాకు ఏమీ అనిపించలేదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది గాని నిజం అదే. సంచిలోంచి స్కార్ఫు తీశాను. త్రికోణపు కట్టు, పెద్ద అంచు మణికట్టు వైపు, కొన మోచేయి వైపు, ముడి మెడ పక్కన, రీఫ్ నాట్, కుడి మీద ఎడమ, ఎడమ మీద కుడి. ఒక్కొక్క పేరూ లోపల పలుక్కుంటూ చేశాను. సిన్నాయన ఆటో తెచ్చాడు.

ఆసుపత్రిలో నర్సమ్మ ఆ కట్టు చూసి, ఇది ఎవరు కట్టింది, ఇంత చక్కగా కట్టారు అని అడిగింది. మా నాయన నొప్పికి పెదవి కొరుక్కుంటూ ఉన్నాడు. నోరు తెరిచి, "నా కూతురమ్మా. గైడు" అన్నాడు.

మరుసటి రోజు సామాన్లు తేవడానికి సిన్నాయనతో నేనూ పోయాను. నిలువు కట్టెకు మూడు చుట్లూ గాజుల్లాగా వదులుగా వేలాడుతున్నాయి. కట్టెలో ఎక్కడా చీలిక లేదు. సిన్నాయన కట్టెను చూశాడు, తాడును చూశాడు, నన్ను చూశాడు. తాడు విప్పి చుట్టచుట్టి సంచిలో వేసుకున్నాడు. ఇంటికి వచ్చేసరికి మంచం చుట్టూ వీధి జనం. మా నాయన వాళ్లకు చెబుతున్నాడు: "కట్టె పుచ్చింది అప్పా. నేనే సరిగా సూసుకోలేదు. పుచ్చుకట్టె." సిన్నాయన గుమ్మంలో నిలబడి, "ఔ, పుచ్చుకట్టే" అన్నాడు. చెప్పడానికి నాకు అప్పుడు అవకాశం ఉంది. నేను లోపలికి పోయి అగ్గిపెట్టెల అట్టలు లెక్క సరిచూశాను.

మూడు వారాలు గడిచాయి. కెప్టెన్ ఇచ్చిన కాగితం నా నోటుపుస్తకంలోనే ఉంది, నేను దాన్ని బయటికి తీయలేదు. ఒక పొద్దున నేను బడికి బయలుదేరుతుంటే మా నాయనే అడిగాడు. "ఆ కాగితం యాడ? శిబిరానికి దినాలు దగ్గిరికి వచ్చేసినాయి గదా." అక్కర్లేదన్నాను. తెమ్మన్నాడు. ఏముందో చదవమన్నాడు. అరవంలో ఉన్నదాన్ని తెలుగులో చదివాను, ఒక్క మాట వదలకుండా: ఈ గైడు నాకు నేర్పిన కట్టును నేను నా పనిలో వాడాను, అది సరిగా ఉపయోగపడింది.

మా నాయనకు సంతకం వచ్చు. పెళ్లయ్యాక కష్టపడి నేర్చుకున్నాడు, వేలిముద్ర వేసే మనిషిని కానని ఎక్కడైనా చెప్పుకునేవాడు. కుడిచేయి పిండికట్టులో ఉంది గనక అమ్మను మసిగుడ్డ తెమ్మని ఎడమ బొటనవేలు దాని మీద ఒత్తి, కాగితం మీద పెట్టాడు. అది ఆరేదాకా ఊదాడు. తర్వాత, మంచం మీద వీలైనంత నిటారుగా కూర్చుని, ఆ ఎడమచేయి నాకేసి చాపాడు.

నేను పట్టుకున్నాను. ఊపాను. మసి నా వేళ్లకు అంటింది. బోరింగు దగ్గర సబ్బుతో కడుక్కుని బడికి పోయాను. ఆ రోజు భూగోళం పరీక్ష, మంచి మార్కులే వచ్చాయి.

బ్యాడ్జి వచ్చింది. శిబిరానికి పోయాను. పెద్ద మంట చుట్టూ పాడారు, నేనూ పాడాను అనుకుంటాను, ఏ పాటో గుర్తు లేదు. మా నాయన ఎముక అతుక్కుంది గాని ఆ చేతికి పట్టు తిరిగి రాలేదు. పని సిన్నాయన చేతికి పోయింది. నాయన కట్టడాల దగ్గర సిమెంటు మూటలకు కాపలా కూర్చునేవాడు. పొద్దున్నే తొట్టిలో తాళ్లు నానాయా లేదా అని మాత్రం ఎడమచేత్తో కలియబెట్టి చూసేవాడట, సిన్నాయన చెప్పాడు. తర్వాత ఇంకా చాలా ఏళ్లు బతికాడు. ఆ మూల గురించి ఆయన నాతో ఒక్కసారీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. నాలుగో గడి, నాయన మాట అని రాసిన గడి, అలాగే ఉంది.

ఇప్పుడు సరుగుడు కట్టెలు లేవు, తొట్టిలో నానే తాడు వాసన లేదు. ఇనుప గొట్టాలవాళ్లకు చుట్ల లెక్కతో పని లేదు. ఆ వస్తువులన్నీ పోయినా వాటి పేర్లు మాత్రం బడి కాగితాల మీద ఉన్నాయి, పిల్లలు అప్పజెబుతున్నారు. కింది వాటా అమ్మాయి పెన్ను పట్టుకుని ఎదురుచూస్తోంది. పెట్రోల్ అంటే జట్టు అని చెప్పాను. క్లోవ్ హిచ్‌కు జంట మెలిక అన్నాను, ఆ మాట బాగుందని నవ్వింది. స్క్వేర్ లాషింగ్ దగ్గరికి వచ్చి, ఎన్ని చుట్లు పెద్దమ్మా అని అడిగింది.

"ఏడు" అన్నాను. "తాడు తడిపి, ఏడు."

ఆ అమ్మాయి ఫోను తీసి చూసుకుంది. "ఇందులో మూడే అని ఉండాది పెద్దమ్మా" అంది. పరీక్షకు అదే కావాలి గదా, పాపం. నా మొహం చూసి కొంచెం మొహమాటపడి, మూడు అని రాసుకుంది.